కె.వి.రెడ్డి

కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడైన కదిరి వెంకటరెడ్డి (జూలై 1, 1912 - సెప్టెంబర్ 15, 1972) తెలుగు చలనచిత్ర దర్శకుడు, నిర్మాత, స్క్రీన్‌ప్లే రచయిత. భక్త పోతన, యోగి వేమన, గుణసుందరి కథ, పాతాళ భైరవి, పెద్దమనుషులు, దొంగ రాముడు, మాయాబజార్, జగదేకవీరుని కథ వంటి చిత్రాలు ఈయన దర్శకత్వంలో వెలువడ్డాయి. సుమారు మూడు దశాబ్దాల కాలంలో పధ్నాలుగు తెలుగు చిత్రాలకు మాత్రమే దర్శకత్వం వహించినా, తెలుగు సినిమా చరిత్రలో విశిష్ట స్థానం పొందాడు. చిత్రీకరణ ప్రారంభం కాకముందే స్క్రిప్టును సంపూర్ణంగా సిద్ధం చేసుకొని, ఆ తరువాత అందులో ఒక్క మాట కూడా మారకుండా చిత్రాన్ని పూర్తి చేసే దర్శకునిగా ఈయనకు పేరు. సినిమా అనేక మంది కలిసి చేసే పని కనుక అందులో దర్శకుని స్వేచ్ఛ ఎంతవరకు అనే చర్చ వచ్చినపుడు తెలుగువారు ముందుగా ఉదహరించే పేర్లలో కె.వి.రెడ్డి పేరు ఒకటి. ఆ స్వేచ్ఛ ఆయనకు ఎలా లభించింది, ఎలా నిలిచింది, చివరకు ఎలా చేజారింది అన్న విషయం ఆయన జీవితకథలో స్పష్టంగా కనిపిస్తుంది.

బాల్యం, విద్య

కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రుడయ్యాడు. సాహిత్యం కాక విజ్ఞానశాస్త్రం చదువుకున్న వ్యక్తి కావడం ఆయన తరువాతి పనితీరును అర్థం చేసుకొనడానికి కొంత తోడ్పడుతుంది. లెక్క, కొలత, ముందస్తు అంచనా అనే మూడింటిని ఆయన సినిమా నిర్మాణంలోనికి తీసుకొనివచ్చాడు.

తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి ఆయనకు చిన్ననాటి మిత్రుడు. సంపన్న వర్తక కుటుంబానికి చెందిన నారాయణస్వామి తరువాతి కాలంలో వాహినీ సంస్థకు ప్రధాన ఆర్థిక బలంగా నిలిచాడు. ఈ స్నేహమే కె.వి.రెడ్డి దర్శకుడు కావడానికి మార్గం వేసింది.

సినీరంగ ప్రవేశం

కె.వి.రెడ్డి సినీరంగ ప్రవేశం కళాకారునిగా జరగలేదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో రోహిణీ పిక్చర్స్ నిర్మించిన గృహలక్ష్మి (1938) చిత్రానికి ఆయన క్యాషియరుగా పనిచేశాడు. ఆ చిత్రం తరువాత బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి, ఛాయాగ్రాహకుడు కె.రామనాథ్, కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ తదితరులు కలిసి వాహినీ పిక్చర్స్ స్థాపించారు. అందులో కె.వి.రెడ్డి ప్రొడక్షన్ మేనేజరుగా చేరాడు. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం వహించిన వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రాల నిర్మాణ వ్యవహారాలను ఆయన దగ్గరుండి చూసుకున్నాడు.

ఈ నాలుగేళ్ళ అనుభవం వృథా పోలేదు. ఒక సెట్టుకు ఎంత ఖర్చవుతుంది, ఎన్ని అడుగుల ఫిల్ము వాడితే ఎన్ని అడుగులు తెరమీదకు వస్తాయి, ఒక నటుడు ఆలస్యంగా వస్తే ఎందరి వేతనం వృథా అవుతుంది అనే విషయాలు ఆయనకు కరతలామలకమయ్యాయి. డబ్బు లెక్క తెలియని దర్శకుడు ప్రతి చిన్న కోరికకూ నిర్మాతను ఆశ్రయించవలసి వస్తుంది. ఆ లెక్క తెలిసిన దర్శకునితో నిర్మాత వాదించడం కష్టం. తరువాతి కాలంలో ఆయన మాట చెల్లుబాటు కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

భక్త పోతన

బి.ఎన్.రెడ్డి చిత్రాల నడుమ మరొక దర్శకునితో కూడా చిత్రాలు తీయాలన్న ఆలోచన వాహినీ సంస్థలో వచ్చినపుడు కె.వి.రెడ్డి పేరు ముందుకు వచ్చింది. అప్పటికి ఆయన ఏ చిత్రానికీ దర్శకత్వం వహించి ఉండలేదు. భాగస్వాములలో కొందరికి సందేహం ఉన్నా, మూలా నారాయణస్వామి మిత్రునిపై నమ్మకం ఉంచి పట్టుబట్టడంతో అవకాశం లభించింది. చిత్తూరు నాగయ్య పోతనగా నటించిన భక్త పోతన 1942-43 కాలంలో వెలువడి ఘనవిజయం సాధించింది. సముద్రాల రాఘవాచార్య ఈ చిత్రానికి రచన చేశాడు.

దర్శకుని తొలి అవకాశం అతని ప్రతిభ కంటే ముందు పెట్టుబడి పెట్టేవారి నమ్మకంపై ఆధారపడి ఉంటుందనడానికి ఇది మంచి ఉదాహరణ. ఆ నమ్మకాన్ని తొలి చిత్రంతోనే నిలబెట్టుకొనడం వలన రెండవ చిత్రంలో ఆయనకు మరింత స్వేచ్ఛ లభించింది.

యోగి వేమన, గుణసుందరి కథ

రెండవ చిత్రం యోగి వేమన (1947). నాగయ్య వేమనగా నటించిన ఈ చిత్రం విమర్శకుల ప్రశంసలను విశేషంగా పొందినా, ఆర్థికంగా భక్త పోతన స్థాయిని అందుకోలేదు. దీని తరువాత కె.వి.రెడ్డి భక్తుల కథలను విడిచి జానపదం వైపు మళ్ళాడు. షేక్‌స్పియర్ రచించిన కింగ్ లియర్ నాటకంలోని తండ్రీ కూతుళ్ళ ఇతివృత్తాన్ని తెలుగు జానపద వాతావరణంలోనికి మార్చి గుణసుందరి కథ (1949) తీశాడు. ఇందులో జూనియర్ శ్రీరంజని కథానాయిక కాగా, హాస్యనటుడైన కస్తూరి శివరావు కథానాయకుడు. హాస్యనటుని నాయక పాత్రకు ఎన్నుకొనడం ఆ రోజులలో సాహసమే. చిత్రం విజయవంతమైంది.

ఈ చిత్రంతోనే పింగళి నాగేంద్రరావు కె.వి.రెడ్డి బృందంలోనికి వచ్చాడు. పింగళి అప్పటికే నాటక రచయితగా పేరున్నవాడు. అయితే ఆయన నాటకం ఆధారంగా వచ్చిన వింధ్యరాణి (1948) చిత్రం పరాజయం పొందింది. పరాజయం పొందిన రచయితను పిలిచి అవకాశం ఇవ్వడం, తరువాత రెండు దశాబ్దాలపాటు ఆయనతో కలిసి పనిచేయడం కె.వి.రెడ్డి ఎంపికలోని ప్రత్యేకత. కమలాకర కామేశ్వరరావు ఈ కాలంలో ఆయనకు సహాయకునిగా ఉన్నాడు.

పాతాళ భైరవి

బి.నాగిరెడ్డి, ఆలూరి చక్రపాణి స్థాపించిన విజయా సంస్థ తన తొలి చిత్రం షావుకారు (1950) తరువాత రెండవ చిత్రాన్ని కె.వి.రెడ్డికి అప్పగించింది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల నుండి ప్రేరణ పొంది రూపొందిన పాతాళ భైరవి 1951 మార్చి 15న విడుదలై అఖండ విజయం సాధించింది. తమిళంలోను, 1952లో హిందీలోను కూడా వెలువడింది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది.

అప్పటికి జానపద నాయకునిగా అక్కినేని నాగేశ్వరరావుకు మంచి పేరుంది. కాని కె.వి.రెడ్డి విజయా సంస్థలో నెలజీతంపై ఉన్న ఎన్.టి.రామారావును తోట రాముని పాత్రకు ఎన్నుకున్నాడు. స్టూడియో ఆవరణలో టెన్నిస్ ఆడుతున్న రామారావు విసురును చూసి ఈ నిర్ణయానికి వచ్చాడన్న కథనం ప్రచారంలో ఉంది. నేపాళ మాంత్రికుని పాత్రను ఎస్.వి.రంగారావుకు ఇచ్చాడు. ఈ రెండు పాత్రలు ఆ ఇద్దరు నటుల జీవితాలను మలుపు తిప్పాయి. పింగళి రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళ ఈ చిత్రానికి అమరాయి.

పని విధానం

కె.వి.రెడ్డి పనితీరులో మూడు దశలు కనిపిస్తాయి.

మొదటిది కథా చర్చల దశ. నెలల తరబడి సాగే ఈ చర్చలలో రచయిత, సహాయకులు, నిర్మాతలు అందరూ పాల్గొనేవారు. ఎవరి అభ్యంతరమైనా వినేవాడు. సన్నివేశం నచ్చకపోతే తిరిగి రాయించేవాడు. ఈ దశలో ఆయన నిరంకుశుడు కాడు.

రెండవది స్క్రిప్టును ఖరారు చేసే దశ. సంభాషణలతో, పాటలతో, కెమెరా కదలికలతో సహా మొత్తం కాగితం మీదకు వచ్చిన తరువాత స్క్రిప్టుకు ముగింపు పలికేవాడు. నటులతో, సహాయకులతో సంభాషణలు చెప్పించి, స్టాప్‌వాచీతో ప్రతి సన్నివేశం నిడివి కొలిచేవాడు. నిమిషాలను అడుగులలోనికి మార్చి చిత్రం మొత్తం నిడివిని ముందే లెక్కకట్టేవాడు. ఏదైనా సన్నివేశం దీర్ఘంగా అనిపిస్తే కాగితం మీదనే కత్తిరించేవాడు.

మూడవది చిత్రీకరణ. ఈ దశలో చర్చకు తావు లేదు. ఎంతటి నటుడైనా సంభాషణలో ఒక మాట చేర్చడానికి గాని తీసివేయడానికి గాని వీలుండేది కాదు. నిర్ణయించిన నిడివికి మించి సన్నివేశం సాగితే మళ్ళీ తీసేవాడు. ఫిల్ము వృథా తక్కువగా ఉండేది.

ఈ విధానంలో ఒక యుక్తి ఉంది. సాధారణంగా నిర్మాత జోక్యం చిత్రీకరణ సగమైన తరువాత, ఖర్చు పెరిగినపుడు ప్రారంభమవుతుంది. లేదా చిత్రం పూర్తయిన తరువాత కత్తిరింపుల గదిలో జరుగుతుంది. కె.వి.రెడ్డి నిర్మాతలను మొదటి దశలోనే కూర్చోబెట్టి ఒప్పించడం వలన తరువాత అభ్యంతరం చెప్పే అవకాశం వారికి మిగిలేది కాదు. తీసిన ఫిల్ములో అదనంగా ఏమీ లేకపోవడం వలన కత్తిరింపుల గదిలో మార్చడానికి కూడా వీలుండేది కాదు. అంటే దర్శకుని అధికారాన్ని ఆయన సెట్టుపై గట్టిగా అరిచి కాక, కాగితంపై ముందుగా రాసి సంపాదించుకున్నాడు.

పెద్దమనుషులు, దొంగ రాముడు

పాతాళ భైరవి వంటి జానపదం తరువాత అదే తరహా చిత్రం తీయకుండా కె.వి.రెడ్డి వాహినీ సంస్థకు పెద్దమనుషులు (1954) అనే సాంఘిక చిత్రం తీశాడు. ఇబ్సెన్ రచించిన పిల్లర్స్ ఆఫ్ సొసైటీ నాటకం దీనికి ప్రేరణ. ఊరి పెద్దగా మన్ననలు అందుకుంటూ చాటున అక్రమాలు సాగించే వ్యక్తి కథ ఇది. జంధ్యాల గౌరీనాథశాస్త్రి ప్రధాన పాత్ర ధరించాడు. పేరున్న కథానాయకుడు గాని, ప్రేమకథ ప్రాధాన్యం గాని లేని ఈ చిత్రం ప్రజాదరణ పొందడమే కాక, తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకాన్ని కూడా పొందింది. నాటక రచయిత డి.వి.నరసరాజుకు ఇది తొలి చిత్రం.

1951లో స్థాపితమైన అన్నపూర్ణా పిక్చర్స్ తన తొలి చిత్రానికి కె.వి.రెడ్డి దర్శకత్వమే కావాలని నిశ్చయించుకుంది. ఆయన చేతిలోని పని పూర్తయ్యేవరకు దుక్కిపాటి మధుసూదనరావు, అక్కినేని నాగేశ్వరరావు వేచి ఉన్నారు. ఆ చిత్రం దొంగ రాముడు 1955 అక్టోబర్ 1న విడుదలైంది. ఒక కొత్త సంస్థ దర్శకుని కోసం ఏళ్ళ తరబడి ఆగడం నాటి పరిశ్రమలో ఆయనకున్న విలువకు నిదర్శనం.

మాయాబజార్

శశిరేఖా పరిణయం కథ వ్యాస భారతంలో లేదు. జనశ్రుతిగా, నాటకంగా ప్రచారంలో ఉన్న ఆ కథ 1957 నాటికి పలుమార్లు తెరకెక్కింది. అందులో 1936లో వెలువడిన తెలుగు మాయాబజార్ ఒకటి. అందరికీ తెలిసిన ఈ కథను విజయా సంస్థ కోసం కె.వి.రెడ్డి మరల ఎన్నుకున్నాడు. పాండవుల బంధువుల పెళ్ళి కథ అయినా పంచపాండవులను ఒక్క సన్నివేశంలో కూడా చూపకుండా కథ నడపడం ఈ స్క్రీన్‌ప్లేలోని విశేషం. చాలామంది ప్రేక్షకులు ఆ లోటును గమనించనే గమనించరు.

చిత్రీకరణకు ముందు సన్నాహాలకే దాదాపు ఒక సంవత్సరం పట్టింది. తెలుగు, తమిళ భాషలలో ఏకకాలంలో నిర్మాణం జరిగింది. అభిమన్యునిగా తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్ నటించారు. వ్యయం అంచనాలు పెరగడంతో నిర్మాతలు సంకోచించారనీ, ఖర్చు తగ్గించి తీయడానికి కె.వి.రెడ్డి అంగీకరించకపోవడంతో చిత్రం కొంతకాలం ఆగిందనీ, తరువాత నిర్మాతలే ఆయన అంచనాకు ఒప్పుకున్నారనీ చెబుతారు. శ్రీకృష్ణుని పాత్ర విషయంలో కూడా ఇటువంటి పట్టుదలే కనిపిస్తుంది. అంతకుముందు ఒక చిత్రంలో కొద్దిసేపు కృష్ణునిగా కనిపించినపుడు ప్రేక్షకుల ఆదరణ లభించకపోవడంతో రామారావు ఈ పాత్రకు వెనుకాడాడు. కె.వి.రెడ్డి ఆయనకు నచ్చజెప్పి, ఆహార్యంపై ప్రత్యేక శ్రద్ధ తీసుకొని ఆ పాత్ర వేయించాడు. తరువాత తెలుగువారికి కృష్ణుడంటే రామారావు రూపమే గుర్తుకు రావడం అందరికీ తెలిసినదే.

అయితే ఈ చిత్రం మొత్తం దర్శకుని సృష్టే అనడం సరికాదు. కొత్త కొత్త పదాలతో నిండిన సంభాషణలు, పాటలు పింగళివి. స్టూడియోలో వెన్నెలను సృష్టించిన ఘనత మార్కస్ బార్‌ట్లేది. ద్వారకా నగరాన్ని చిన్న చిన్న నమూనా ఇళ్ళతో నిర్మించిన పని గోఖలే, కళాధర్‌లది. సంగీత దర్శకునిగా మొదట నియమితుడైన సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు బాణీలు కట్టిన తరువాత తప్పుకోగా, మిగిలిన పని ఘంటసాల పూర్తిచేశాడు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచునిగా సావిత్రి చూపిన అభినయాన్ని ఏ స్క్రిప్టూ పూర్తిగా రాసి ఇవ్వలేదు. దర్శకుడు ఈ అందరి పనినీ ఒక తూకంలో నిలిపాడు. సంగీత దర్శకుడు మధ్యలో మారినా చిత్రంలో అతుకు కనిపించకపోవడమే దీనికి సాక్ష్యం.

తెలుగు చిత్రం 1957 మార్చి 27న, తమిళ చిత్రం ఏప్రిల్ 12న విడుదలయ్యాయి. రెండు భాషలలోను విజయవంతమైంది.

దర్శకుని అధికారం - నాటి పరిస్థితులు

కె.వి.రెడ్డికి లభించిన స్వేచ్ఛ అదే సంస్థలో అందరికీ లభించలేదు. విజయా వారి మిస్సమ్మ (1955) చిత్రానికి ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు. మొదట కథానాయికగా భానుమతిపై కొన్ని రీళ్ళు చిత్రీకరించిన తరువాత నిర్మాత చక్రపాణికి, ఆమెకు మధ్య వివాదం తలెత్తింది. చక్రపాణి ఆమెను తొలగించి, తీసిన భాగాన్ని పక్కన పెట్టి, సావిత్రితో తిరిగి చిత్రీకరణ జరిపించాడు. ఇక్కడ కథానాయిక ఎవరన్న నిర్ణయం దర్శకునిది కాదు. కథలపై పట్టున్న రచయిత కనుక చక్రపాణి తమ చిత్రాలలో కేవలం పెట్టుబడిదారునిగా ఉండేవాడు కాదు.

మరొక ఉదాహరణ చంద్రహారం (1954). పింగళి రచన, ఘంటసాల సంగీతం, బార్‌ట్లే ఛాయాగ్రహణం, రామారావు నాయకత్వం, విజయా సంస్థ నిర్మాణం. అన్నీ పాతాళ భైరవికి ఉన్నవే. దర్శకుడు మాత్రం కమలాకర కామేశ్వరరావు. భారీ వ్యయంతో తీసిన ఈ చిత్రం పరాజయం పొందింది. బృందం ఒకటే అయినా ఫలితం వేరు కావడం దర్శకుని పాత్ర ఎంతటిదో సూచిస్తుంది. అయితే దీనిని తుది సాక్ష్యంగా తీసుకొనడానికి వీలులేదు. ఒక దశాబ్దం తరువాత కె.వి.రెడ్డి, పింగళి కలిసి పనిచేసిన చిత్రాలు కూడా పరాజయం పొందాయి. కామేశ్వరరావు తరువాతి కాలంలో నర్తనశాల (1963) వంటి గొప్ప చిత్రాలు తీశాడు.

ఇతర దేశాలలో కూడా ఈ సమస్య ఉన్నదే. అమెరికాలో ఆర్సన్ వెల్స్‌కు సిటిజన్ కేన్ (1941) చిత్రంపై ఆర్.కె.ఓ. సంస్థ అసాధారణమైన స్వేచ్ఛనిచ్చింది. మరుసటి సంవత్సరమే ఆయన తీసిన ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్ చిత్రాన్ని అదే సంస్థ ఆయన ప్రమేయం లేకుండా కత్తిరించి, ముగింపును మార్చి విడుదల చేసింది. దర్శకుడే చిత్రానికి నిజమైన రచయిత అనే సిద్ధాంతాన్ని ఫ్రెంచి విమర్శకులు 1950వ దశకంలో ప్రచారం చేశారు. అదే కాలంలో మద్రాసులో కె.వి.రెడ్డి ఏ సిద్ధాంతమూ చెప్పకుండా, నిర్మాతతో విరోధం లేకుండా, స్టూడియో పద్ధతిలోనే తన ముద్రను నిలుపుకున్నాడు.

నిర్మాతగా

కె.వి.రెడ్డి జయంతి పిక్చర్స్ సంస్థతో కూడా సన్నిహితంగా పనిచేశాడు. ఆ సంస్థ ద్వారా వచ్చిన పెళ్ళినాటి ప్రమాణాలు (1958) రాష్ట్రపతి రజత పతకం పొందింది. గయోపాఖ్యానం ఇతివృత్తంతో తీసిన శ్రీకృష్ణార్జున యుద్ధము (1963) చిత్రానికి ఆయనే నిర్మాత. రామారావు కృష్ణునిగా, నాగేశ్వరరావు అర్జునునిగా ఇందులో నటించారు. సమాన స్థాయి గల ఇద్దరు కథానాయకులను పరస్పర విరోధులుగా చూపుతూ ఎవరి అభిమానులూ నొచ్చుకోకుండా కథ నడపవలసి రావడం కూడా దర్శకుని స్వేచ్ఛకు ఒక పరిమితే. ఈ మధ్యకాలంలో విజయా సంస్థకు తీసిన జగదేకవీరుని కథ (1961) ఘనవిజయం సాధించింది. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం ఈ చిత్రానికి విశేషమైన ఖ్యాతి తెచ్చింది.

పరాజయాలు

1965లో విజయా సంస్థ సత్య హరిశ్చంద్ర కథను తెలుగు, కన్నడ భాషలలో నిర్మించింది. తెలుగు చిత్రానికి కె.వి.రెడ్డి దర్శకుడు కాగా, రామారావు, ఎస్.వరలక్ష్మి ప్రధాన పాత్రధారులు. కన్నడ చిత్రానికి హుణసూరు కృష్ణమూర్తి దర్శకుడు, రాజ్‌కుమార్ కథానాయకుడు, నిర్మాతగా కె.వి.రెడ్డి పేరు ఉంది. కన్నడ చిత్రం ఘనవిజయం సాధించి రాష్ట్రపతి రజత పతకం పొందగా, తెలుగు చిత్రం పరాజయం పాలైంది. తన దర్శకత్వంలోని చిత్రం ఓడి, తన నిర్మాణంలో మరొకరు తీసినది గెలవడం విచిత్రమైన పరిస్థితి.

ఆ తరువాత వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968), భాగ్యచక్రము (1968) చిత్రాలు కూడా ఆశించిన ఫలితాలనివ్వలేదు. అప్పటికి పరిశ్రమ మారుతున్నది. స్టూడియోల నెలజీతాల పద్ధతి క్షీణించి, కథానాయకుల తేదీలే చిత్ర నిర్మాణాన్ని శాసించే కాలం వచ్చింది. పంపిణీదారులు ఇచ్చే ముందస్తు సొమ్ముపై చిత్రాలు నడిచేవి. వారు అడిగేది కథానాయకుని పేరే. మద్రాసులో నిర్ణయించే ఆ లెక్క అనకాపల్లి వంటి పట్టణాలలోని సినిమా హాళ్ళలో ఎన్ని వారాలు ఆడుతుందన్న అంచనాపై ఆధారపడేది. సంవత్సరం పాటు స్క్రిప్టు మీద కూర్చొని, నటులతో సాధన చేయించే దర్శకునికి ఆ వేగంలో చోటు తగ్గింది. పద్ధతి మారలేదు, దానిని నిలబెట్టిన వ్యవస్థ మారింది. విజయాలున్నంత కాలం ఆయన పట్టుదలను క్రమశిక్షణగా భావించిన పరిశ్రమ, పరాజయాల తరువాత దానినే చాదస్తంగా భావించింది.

చివరి చిత్రం, మరణం

ఈ దశలో కె.వి.రెడ్డికి తోడ్పడినవాడు రామారావు. ఒకప్పుడు నెలజీతంపై ఉన్న నటుని ధైర్యంగా నాయకునిగా ఎన్నుకున్న దర్శకునికి, ఇరవై ఏళ్ళ తరువాత అదే నటుడు అవకాశం కల్పించాడు. ఆ విధంగా రూపొందిన శ్రీకృష్ణ సత్య 1971 డిసెంబరులో విడుదలైంది. రామారావు, జయలలిత ప్రధాన పాత్రధారులు. చిరకాల సహచరుడు పింగళి నాగేంద్రరావు అదే సంవత్సరం, చిత్రం విడుదలకు ముందే మరణించాడు. కె.వి.రెడ్డికి ఇదే ఆఖరి చిత్రమైంది. 1972 సెప్టెంబర్ 15న, అరవై ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు.

శిష్యులు, ప్రభావం

కె.వి.రెడ్డి వద్ద సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తరువాతి కాలంలో పుష్పక విమానం (1987), ఆదిత్య 369 (1991) వంటి ప్రయోగాత్మక చిత్రాలతో ప్రసిద్ధి పొందాడు. స్టాప్‌వాచీతో సన్నివేశాన్ని కొలిచే పద్ధతిని గురించి, ముందే ఖరారైన స్క్రిప్టును గురించి తరువాతి తరాలకు ఎక్కువగా తెలిసింది ఇటువంటి శిష్యుల ద్వారానే. నేటికీ తెలుగు పరిశ్రమలో బౌండ్ స్క్రిప్టు అనే మాట వినిపించినపుడు కె.వి.రెడ్డి పేరు వెంట వస్తుంది.

2010 జనవరిలో మాయాబజార్ చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులలోనికి మార్చి విడుదల చేసింది. కొత్త తరం ప్రేక్షకులు దానిని ఆదరించారు. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. నిర్వహించిన ఓటింగులో ఈ చిత్రం భారతీయ చిత్రాలన్నింటిలో ప్రథమ స్థానం పొందింది. అయితే నలుపు తెలుపుల వెలుగునీడల కోసం తీర్చిదిద్దిన సెట్లకు, దుస్తులకు యాభై ఏళ్ళ తరువాత ఇతరులు రంగులు నిర్ణయించవలసి వచ్చింది. అడుగు ఫిల్ము కూడా అనుమతి లేకుండా మారనివ్వని దర్శకుని చిత్రం ఆయన ప్రమేయం లేకుండా కొత్త రూపం దాల్చింది. చిత్రంపై హక్కు దర్శకునిది కాక నిర్మాణ సంస్థది కావడమే దీనికి కారణం. ఆయన స్వేచ్ఛ అంతా చిత్రం తయారయ్యేవరకే, అదీ నిర్మాతల నమ్మకం ఉన్నంతవరకే చెల్లింది. ఆ గడువులోపల చేసిన పని మాత్రం రంగులు మారినా చెక్కుచెదరలేదు.

దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు

భక్త పోతన (1942)
యోగి వేమన (1947)
గుణసుందరి కథ (1949)
పాతాళ భైరవి (1951)
పెద్దమనుషులు (1954)
దొంగ రాముడు (1955)
మాయాబజార్ (1957)
పెళ్ళినాటి ప్రమాణాలు (1958)
జగదేకవీరుని కథ (1961)
శ్రీకృష్ణార్జున యుద్ధము (1963)
సత్య హరిశ్చంద్ర (1965)
ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968)
భాగ్యచక్రము (1968)
శ్రీకృష్ణ సత్య (1971)